కార్డు మారినా కాంటా ఆగలేదు: ధర్మకాంట పీసీలో నెట్‌బీఎస్‌డీ 10, ఒక పత్తి సీజన్ వాడాక

వాడింది నెట్‌బీఎస్‌డీ 10, అంటే లైనక్స్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్, మామూలు 64 బిట్ పీసీ వెర్షన్. వాడిన చోటు వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారిలో ఒక ధర్మకాంట. దసరాకు ముందు మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాకా రాత్రీపగలూ నడిపించాను. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు. నా రాత్రులు మాత్రం ఓ పది పోయాయి.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో తెలియదు. పాతికేళ్లుగా హన్మకొండలో ఉంటూ ధర్మకాంటల పని చేస్తున్నాను. లోడ్‌సెల్ (బరువును కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) పోతే మార్చడం, వానకు జంక్షన్ బాక్సులోకి నీళ్లు పోతే ఆరబెట్టి మళ్లీ బిగించడం, తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేయడానికి వచ్చే రోజు టెస్టు బరువులు ఎక్కించి దింపించడం, ఆఫీసు గదిలో పీసీ, ప్రింటరు, బయట పెద్ద అంకెల బోర్డు, అన్నీ చూసుకునేది నేనే. ఏనుమాముల, నర్సంపేట, పరకాల, జమ్మికుంట తిరుగుతూ ఉంటాను. చదివింది పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా. సి ప్రోగ్రాములు చదవగలను, చిన్నవైతే రాయగలను. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ రాసేవాణ్ణి కాదు. అయినా ఈ సీజన్‌లో ఒక కెర్నల్ ఫైల్లో చెయ్యి పెట్టాల్సి వచ్చింది, పెట్టగలిగాను. ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

సంగతి ఇలా మొదలైంది. ఆ కాంటాకు రెండు ప్లాట్‌ఫారాలు, లారీలకు ఒకటి, ట్రాక్టర్లు ఆటోలకు ఒకటి. రెండు ఇండికేటర్లు (లోడ్‌సెల్ సిగ్నల్‌ను బరువు అంకెగా చూపే పెట్టెలు), బయట అంకెల బోర్డు, ఇంకో ఆఫీసులో చిన్న డిస్‌ప్లే, మొత్తం నాలుగు సీరియల్ తీగలు పీసీలోకి వస్తాయి. పాత పీసీలో నాలుగు పోర్టుల ఐఎస్ఏ కార్డు ఉండేది. ఐఎస్ఏ అంటే పీసీలో కార్డులు పెట్టే పాతకాలం స్లాటు పద్ధతి. కాంటా సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ లైనక్స్ మీద తమ సొంత డ్రైవరుతో (కార్డుతో మాట్లాడే ప్రోగ్రాంతో) దాన్ని నడిపేది. పన్నెండేళ్లు ఏ గొడవా లేదు. మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి ఉరుములకు మదర్‌బోర్డు పోయింది.

ఐఎస్ఏ స్లాటున్న బోర్డు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? దాని తర్వాత వచ్చిన పీసీఐ స్లాటున్న సెకండ్ హ్యాండ్ బోర్డు ఒకటి పట్టుకొచ్చాను, నాలుగు పోర్టుల పీసీఐ సీరియల్ కార్డు పెట్టాను. కార్డు మీదున్న చిప్పుల పని పాతదానిలాగే 16550 అనే మామూలు సీరియల్ చిప్పు పద్ధతి. కంపెనీకి ఫోన్ చేస్తే, "సెట్టింగ్ ఫైల్లో ఐఆర్‌క్యూ 5 ఉంది కదా, అక్కడ 16 అని రాయండి, పోర్టుల అడ్రసులు మార్చండి, అయిపోతుంది" అన్నారు. ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే తీగ నంబరు, ఆ పిలుపునే ఇంటరప్టు అంటారు. రాశాను. ప్రోగ్రాం లేచింది, స్క్రీను మీద 18,460 కిలోలు అని కనిపించింది. నేను ఇంటికి బయల్దేరి ములుగు రోడ్డు ఎక్కానో లేదో ఆపరేటర్ పిల్లాడు ఫోను.

"అన్నా, బరువు కదుల్తలేదు. కీబోర్డు గూడ పన్జేస్తలేదు. ఈడ పెద్దాయన గొడవ వెడ్తాండు."

వెనక్కి వెళ్లేసరికి ఒక రైతు చీటీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా ట్రాక్టరు పద్దెనిమిది టన్నులుంటదా బిడ్డా? మూడు టన్నుల పత్తి నాది. నువ్వే జెప్పు" అన్నాడు. ఆ ప్రోగ్రాం మొదలవగానే కిందటిసారి చదివిన బరువునే చూపెట్టి, కొత్తది వచ్చేదాకా అలాగే ఉంటుందట. కొత్తది రానేలేదు. నేను చూసి సంతోషపడిన 18,460 మదర్‌బోర్డు పోయిన రాత్రి చివరగా తూగిన లారీది. ఆ పెద్దాయన గట్టిగా అడగబట్టి ఆ చీటీ చింపాం. బరువు కొంచెం తేడాతో ఉండి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, ఆయన డబ్బు పోయేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది.

కెర్నల్ లాగ్ చూస్తే "ఐఆర్‌క్యూ 16, నోబడీ కేర్డ్" అని ఉంది, దాని కింద "డిజేబ్లింగ్ ఐఆర్‌క్యూ 16". ఈ మెసేజ్ చూసి చాలామంది కార్డు పాడైందనుకుంటారు. కాదు. లక్ష ఇంటరప్టులు వస్తే అందులో 99,900 కంటే ఎక్కువ "నాది కాదు" అని అందరూ తోసేసినప్పుడు లైనక్స్ ఆ లైనునే మూసేస్తుంది. అదే లైను మీద యూఎస్‌బీ కంట్రోలర్ కూడా ఉంది కాబట్టి కీబోర్డు కూడా పోయింది.

ఎందుకు తోసేశారు? కంపెనీ సీడీలో డ్రైవర్ సోర్సు ఉంది, తెరిచి చూశాను. అంతా ఒకటే పెద్ద ఫైలు. సీరియల్ చిప్పుతో మాట్లాడే కోడు, ఐఎస్ఏ కార్డు సంగతి, ఇంటరప్టు పంచుకునే సంగతి అన్నీ కలిపి పిసికిన పిండిలా ఉంది. ఆ పాత కార్డు మీద నాలుగు పోర్టులూ ఒకే ఇంటరప్టు తీగను వాడేవి, ఏ పోర్టు పిలిచిందో చెప్పడానికి ఒక చిన్న స్టేటస్ రిజిస్టర్ ఉండేది. అందులో బిట్ సున్నా అయితే ఆ పోర్టు పిలిచినట్టు. ఇంటరప్టు రాగానే డ్రైవర్ ముందు ఆ రిజిస్టర్‌నే చదువుతుంది. కొత్త పీసీఐ కార్డు మీద అలాంటి రిజిస్టరే లేదు. లేని అడ్రసును చదివితే అన్నీ ఒకట్లే వస్తాయి, అంటే 255. ఒక్క బిట్టూ సున్నా కాదు కాబట్టి "ఎవరూ పిలవలేదు" అనుకుని డ్రైవర్ వెళ్లిపోతుంది. చిప్పు మాత్రం పిలుస్తూనే ఉంటుంది.

ఐఎస్ఏ మీదైతే ఈ తప్పుకు ఇంత శిక్ష ఉండదు. అక్కడ ఇంటరప్టు అంటే తీగ కిందినుంచి పైకి లేచే ఆ ఒక్క క్షణం. పట్టించుకోకపోతే ఒక పిలుపు పోతుంది, అంతే. పీసీఐ తీగ అలా కాదు. పిలిచినవాడి పని అయ్యేదాకా తీగను కిందికి లాగిపట్టి ఉంచుతాడు, ప్రాసెసర్ హ్యాండ్లర్ (ఆ పిలుపు చూసే ఫంక్షన్) నుంచి బయటికి రాగానే మళ్లీ అదే పిలుపు. సెకన్ల లోపే లక్ష దాటుతుంది. సెట్టింగ్ ఫైల్లో 5 తీసి 16 రాస్తే సరిపోతుందన్న మాటలో లోపం అదే. మారింది నంబరు కాదు, పిలిచే పద్ధతి. ఆ పద్ధతి తెలిసిన కోడు చిప్పు కోడులో కలిసిపోయి ఉంది, విడదీయడానికి రాలేదు. కంపెనీ చివరికి చెప్పింది ఒకటే, కొత్త సిస్టమ్ మొత్తం కొనమని. కాంటా ఓనరు నా మొహం చూసి "ఏం తమ్మీ, పత్తి మొదలయ్యే యాళ్లకు ఇదా?" అన్నారు.

ఇక్కడికి నెట్‌బీఎస్‌డీ ఎలా వచ్చిందంటే, దాని పేరు నాకు కాలేజీ రోజుల నుంచి తెలుసు. 1993లో మొదలైన ప్రాజెక్టు, ఎన్ని రకాల యంత్రాల మీదైనా ఒకే సోర్సు నడవాలన్నది వాళ్ల పట్టుదల. 10.0 వెర్షన్ 2024 మార్చిలో వచ్చింది. అన్ని రకాల యంత్రాలంటే అన్ని రకాల బస్సులు (ఐఎస్ఏ, పీసీఐ లాంటి కార్డుల దారులు), అన్ని రకాల ఇంటరప్టు కంట్రోలర్లు (పిలుపులను ప్రాసెసర్‌కు చేర్చే చిప్పులు). అక్కడ ఈ పిండి పిసుకుడు కుదరదు కదా అనుకుని సోర్సు దించి, సీరియల్ డ్రైవర్ ఎక్కడుందో వెతికాను. ఆ రాత్రి చూసినదే ఈ రివ్యూలో ముఖ్యం, కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను.

సీరియల్ చిప్పు కోడు 'ఐసీ' అనే ఫోల్డరులో ఉంది, ఫైలు పేరు 'కామ్'. ఏ బస్సుకూ చెందని చిప్పుల కోడంతా ఆ ఫోల్డరులోనే. ఆ కామ్ ఫైల్లో 'కామ్‌ఇంటర్' అనే ఫంక్షన్ ఉంది, ఇంటరప్టు వస్తే పని చేసేది అదే. అది తీసుకునేది ఒకే ఒక్క వస్తువు, తన పోర్టు వివరాలున్న పాయింటర్. ఐఆర్‌క్యూ నంబరు అడగదు. ఐఎస్ఏనా పీసీఐనా అని అడగదు. తీగ పైకి లేచిందా, కిందికి లాగి ఉందా అని కూడా అడగదు. చిప్పులోని ఇంటరప్టు గుర్తింపు రిజిస్టర్‌ని చదువుతుంది. అందులో మొదటి బిట్ 1 అయితే "నా దగ్గర ఏ పనీ లేదు" అని అర్థం, వెంటనే సున్నా తిరిగి ఇచ్చి బయటికి వస్తుంది. బిట్ 0 అయితే వచ్చిన అక్షరాలన్నీ తీసి రింగ్ బఫరు అనే తాత్కాలిక నిల్వలో వేస్తుంది, మిగతా పని తర్వాత చేయమని సాఫ్ట్‌ ఇంటరప్టుకు అప్పగిస్తుంది, చివర 1 ఇస్తుంది. ఆ సున్నా, ఒకటి అన్న జవాబే పంచుకునే లైను మీద మర్యాద. నాదైతే నాది, కాకపోతే కాదు.

ఇక బస్సు సంగతి ఎవరు చూస్తారు? 'ఐఎస్ఏ' ఫోల్డరులో ఒక చిన్న ఫైలు ఉంది. అది ఐఎస్ఏ వాళ్ల ఫంక్షన్‌ను పిలిచి, "ఈ నంబరు ఐఆర్‌క్యూ, ఎడ్జ్ పద్ధతి (తీగ లేచే క్షణమే పిలుపు), పిలుపు వస్తే కామ్‌ఇంటర్‌ని లేపు" అని చెప్తుంది. 'పీసీఐ' ఫోల్డరులో ఇంకో చిన్న ఫైలు, నాలుగు పోర్టుల కార్డుల కోసం. అది పీసీఐ వాళ్ల ఫంక్షన్‌ను పిలిచి, "ఇదిగో హ్యాండిల్, పిలుపు వస్తే కామ్‌ఇంటర్‌ని లేపు" అంటుంది. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచిపెట్టుకుని చూశాను. వచ్చే దారి వేరు, అప్పగించే పేరు ఒకటే, కామ్‌ఇంటర్. ఆ రెండు లైన్ల మీద వేలు పెట్టి మా ఆవిడను పిలిచి చూపించాను కూడా. ఆమె "సరే, పడుకో ఇక" అంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

మార్కెట్‌లో చూడండి. పరకాల బండైనా, నర్సంపేట బండైనా ఏ గేటులోంచి వచ్చినా, గేటు దగ్గర పాసు రాసేవాడు వేరు. కాంటా మీదికి ఎక్కాక బరువు తూచే పద్ధతి ఒకటే. గేటు కాడి పాసు పుస్తకాన్ని కాంటా గదిలోకి తెచ్చి, అది ఉంటేనే తూస్తానంటే కొత్త గేటు పెట్టిన రోజు కాంటా ఆగిపోతుంది. మా కంపెనీ డ్రైవర్ చేసింది అదే.

ఇంకో మాట. మా పాత ఐఎస్ఏ కార్డులో ఉన్నలాంటి స్టేటస్ రిజిస్టర్ లెక్క నెట్‌బీఎస్‌డీలో లేదా అంటే ఉంది. ఆ రకం కార్డుల కోసం 'ఏఎస్‌టీ' అని వేరే ఫైలు, ఐఎస్ఏ ఫోల్డరులోనే. రిజిస్టర్ చదివి, ఏ పోర్టు పిలిచిందో తేల్చి, ఆ పోర్టు హ్యాండ్లర్‌ని లేపడం వరకే దాని పని. ఎడ్జ్ పద్ధతిలో ఒక పోర్టు తీగను లేపి ఉండగా ఇంకో పోర్టు పిలిస్తే కొత్త ఎడ్జ్ రాదు, ఆ పిలుపు పోతుంది. అందుకే ఎవరూ మిగలని దాకా మళ్లీ మళ్లీ రిజిస్టర్ చూస్తూ తిరుగుతుంది. ఈ తిప్పలన్నీ ఐఎస్ఏవి, కాబట్టి ఐఎస్ఏ ఇంట్లోనే ఉన్నాయి. చిప్పు కోడుకు వీటి వాసన కూడా తగలదు.

పీసీఐ వైపు ఆ 'హ్యాండిల్' అన్నది నాకు బాగా నచ్చింది. పీసీ మీద ప్రతి పీసీఐ కార్డు కాన్ఫిగరేషన్ స్పేస్‌లో (కార్డు తన వివరాలు చెప్పే చోట) 60వ బైటులో ఇంటరప్టు లైను నంబరు ఉంటుంది, 61వ బైటులో అది ఏ పిన్ను వాడుతుందో ఉంటుంది. పిన్నులు నాలుగు, ఏ బీ సీ డీ. బోర్డు మీద బ్రిడ్జి (ఒక దారిని ఇంకో దారికి కలిపే చిప్పు) ఉంటే, స్లాటు నంబరును బట్టి ఈ నాలుగు పిన్నులు ఒకదాని చోట ఒకటి జరుగుతాయి. నా సెకండ్ హ్యాండ్ బోర్డులో పీసీఐ స్లాటు అలా బ్రిడ్జి వెనకే ఉంది. 60వ బైటును నమ్మి డ్రైవరే నంబరు తీసుకుంటే ఒక బోర్డు మీద నడుస్తుంది, ఇంకో బోర్డు మీద నడవదు. ఐఓ ఏపిక్ అనే ఇంటరప్టు కంట్రోలర్ ఉన్న బోర్డులో అసలు తీగ ఎక్కడికి పోతుందో, బోర్డుతో వచ్చే ఏసీపీఐ పట్టికలు చూస్తే గానీ తెలియదు. పాత ఆల్ఫా ప్రాసెసర్ల లాంటి యంత్రాల్లో అయితే ఒక్కో మోడల్‌కు ఒక్కో వైరింగ్. అందుకే నెట్‌బీఎస్‌డీలో డ్రైవర్ నంబరు అడగదు. "ఈ కార్డు ఇంటరప్టు ఎక్కడికి వస్తుందో చూసిపెట్టు" అని ఆ యంత్రానికి సంబంధించిన కోడును అడుగుతుంది, అది ఒక హ్యాండిల్ ఇస్తుంది. ఆ హ్యాండిల్ లోపల ఏముందో డ్రైవరుకు అక్కర్లేదు, దాన్ని అలాగే తీసుకెళ్లి రెండో ఫంక్షన్‌కు ఇచ్చి హ్యాండ్లర్‌ని కట్టుకుంటుంది. 2018లో వచ్చిన 8.0లో తీగే లేకుండా మెమరీలోకి రాసి పిలిచే ఎంఎస్ఐ పద్ధతి చేర్చినప్పుడు కూడా మారింది ఈ వైపే, చిప్పుల కోడు కాదు.

ఇక నా కార్డు. మొదటిసారి బూట్ చేస్తే "నాట్ కన్ఫిగర్డ్" అని వచ్చింది. ఇంటరప్టు గొడవేం లేదు, కార్డు పేరే పట్టికలో లేదు. ఇలాంటి ఎక్కువ పోర్టుల పీసీఐ కార్డులకు 'పక్' అనే ఒకే డ్రైవర్, దానికి ఒక డేటా ఫైలు. అందులో కార్డు తయారీదారు నంబరు, మోడల్ నంబరు, ఏ పోర్టు ఎక్కడ మొదలవుతుందో రాయాలి. నా కార్డులో నాలుగు పోర్టులూ ఒకే అడ్రసు ముక్కలో, సున్నా, 8, 16, 24 దగ్గర ఉన్నాయి. పక్కనున్న ఇంకో కార్డు ఎంట్రీని చూసి, పది పన్నెండు లైన్లు రాశాను. ఒక్క ఫంక్షన్ కూడా రాయలేదు. కెర్నల్ కట్టడానికి వాళ్ల బిల్డ్ స్క్రిప్టు నా లైనక్స్ లాప్‌టాప్ మీదే నడుస్తుంది, టూల్స్ కూడా అదే కట్టుకుంటుంది. మొదటిసారి గంటకు పైగా పట్టింది, ఆ తర్వాత నిమిషాల పని.

బూట్ అయింది, నాలుగు పోర్టులు కనిపించాయి, ఇండికేటర్ కలిపాను. చెత్త వచ్చింది. బరువు బదులు పిచ్చి గుర్తులు. సగం రాత్రి తీగలు మార్చి చూశాను. చివరికి కార్డునే బయటికి తీసి, దాని మీదున్న క్రిస్టల్ (చిప్పుకు గడియారం వేగం ఇచ్చే ముక్క) మీద రాసింది టార్చి వేసి చదివితే 14.7456 అని ఉంది. మామూలు సీరియల్ పోర్టు గడియారం 1.8432 మెగాహెర్ట్జ్. దాన్ని 16తో భాగించి, మళ్లీ 12తో భాగిస్తే 9600, అంటే సెకనుకు అన్ని బిట్లు, ఇండికేటర్ పంపే వేగం. నా కార్డు క్రిస్టల్ సరిగ్గా ఎనిమిది రెట్లు, అంటే 9600 అనుకుని అడిగితే అది 76,800 వేగంతో వింటోంది. డేటా ఫైల్లో ఆ లైను చివర ఎనిమిది రెట్లు అని రాశాను. మళ్లీ కట్టి, బూట్ చేసి, ట్రాక్టర్ ప్లాట్‌ఫారం మీద నేనే ఎక్కి నిలబడ్డాను. కాంటా మెట్టు 5 కిలోలు కాబట్టి స్క్రీను మీద 75 అని వచ్చింది. దిగితే సున్నా. మళ్లీ ఎక్కాను.

సీజన్‌లో ఎలా నడిచిందంటే, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా బరువు నిలిచిపోలేదు. రద్దీ ఉన్న సోమవారాల్లో లారీలు రోడ్డు మీదిదాకా నిలబడ్డ రోజులున్నాయి, నేను భయపడింది అప్పుడే. 9600 వేగానికి సెకనుకు 960 అక్షరాలు, చిప్పులో 16 అక్షరాలు పట్టే చిన్న నిల్వ ఉంటుంది. అంటే దాదాపు 16 మిల్లీసెకన్ల లోపు ఎవరో ఒకరు వచ్చి ఖాళీ చేయాలి. ఆలస్యమైతే కెర్నల్ "సైలో ఓవర్‌ఫ్లో" అని లాగ్‌లో రాస్తుంది. ధాన్యం నింపే సైలో పేరే ఆ చిప్పులోని నిల్వకు పెట్టడం ఏనుమాములలో కూర్చుని చదువుతుంటే నాకు ముద్దుగా అనిపించింది. ప్రతి ఆదివారం లాగ్ చూశాను. ఒక్కటీ లేదు. అదే లైను మీద యూఎస్‌బీ కంట్రోలర్ ఇప్పటికీ ఉంది, కీబోర్డూ నడుస్తోంది, కాంటా నడుస్తోంది. 'ఇంటర్‌కంట్రోల్ లిస్ట్' అని కొడితే ఏ ఇంటరప్టు మీద ఎవరెవరు ఉన్నారో పేర్లతో, ఏ ప్రాసెసర్‌కు ఎన్ని వచ్చాయో లెక్కతో చూపిస్తుంది. ఆపరేటర్‌కు కూడా నేర్పించాను, ఫోన్లో చదివి చెప్తాడు.

కరెంటు పోవడం మా దగ్గర మామూలే. యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజులు మూడు నాలుగున్నాయి. ఫైల్‌సిస్టమ్‌ను లాగ్ ఆప్షన్‌తో (మార్పులను ముందే నమోదు చేసుకునే పద్ధతితో) పెట్టుకున్నాను కాబట్టి లేవగానే నిమిషంలోపు కాంటా సిద్ధం. ఆ ఆప్షన్ మర్చిపోవద్దు, అది లేకపోతే డిస్క్ చెకింగ్ అయ్యేదాకా లారీ డ్రైవర్లతో మాట పడాలి.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. కాంటా సాఫ్ట్‌వేర్ దొరకదు, నేనే పైథాన్‌లో రాసుకున్నాను. ఇందులో మొదటి నియమం, రెండు సెకన్లు కొత్త బరువు రాకపోతే స్క్రీను మీద గీతలు తప్ప అంకె ఉండకూడదు, ప్రింట్ బటన్ పనిచేయకూడదు. వైఫై వెనకబడి ఉంది, నేను తీగే వాడాను. కొత్త లాప్‌టాప్‌లో వేసుకుని రోజూ వాడుకుందామంటే సలహా ఇవ్వను. తెలుగు అక్షరాలు కావాలంటే గ్రాఫిక్స్ పెట్టుకోవాలి, ఉత్త కన్సోల్‌లో రావు. మన దగ్గర దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, ఇరుక్కుంటే పక్కవాణ్ణి అడిగే వీలు లేదు. దానికి బదులు మాన్యువల్ పేజీలు చాలా బాగున్నాయి, పీసీఐ ఇంటరప్టు ఫంక్షన్ల పేజీ నేను ప్రింటు తీసి పెట్టుకున్నాను. నాలుగు పేజీల్లో అంతా ఉంది.

లైనక్స్‌తో ఇది కాదా అని చాలామంది అడుగుతారు. అవుతుంది, నిజం చెప్పాలి. లైనక్స్ సొంత సీరియల్ డ్రైవరులో కూడా చిప్పు కోడు వేరు, పీసీఐ ముక్క వేరు. ఇంకా చెప్పాలంటే ఇంటరప్టు కంట్రోలర్ వైపు శుభ్రం చేసింది లైనక్స్ వాళ్లే బాగా. 2006లో 2.6.18 వెర్షన్‌లో థామస్ గ్లెయిక్స్‌నర్, ఇంగో మోల్నార్ చేసిన పనితో, అంతకుముందు అన్ని రకాల ఇంటరప్టులనూ ఒకే పెద్ద ఫంక్షన్ చూసే పద్ధతి నుంచి బయటపడ్డారు. లెవెల్ (పీసీఐలా లాగిపట్టే పిలుపు) అయితే ఒక దారి, ఎడ్జ్ అయితే ఇంకో దారి, కంట్రోలర్ చిప్పు వివరాలు పక్కన వేరుగా. నన్ను ముంచింది లైనక్స్ కాదు, దాని బయట రాసిన ఆ ఒక్క డ్రైవర్. మామూలు లైనక్స్ డ్రైవరుతోనే ఈ కార్డు నడిచేదేమో, కంపెనీ ప్రోగ్రాం మాత్రం తమ డ్రైవర్ లేకపోతే లేవదు. ఎలాగూ ప్రోగ్రాం నేను రాసుకోవాల్సిందే అయినప్పుడు, లోపల ఏం జరుగుతుందో నా కళ్లతో చదవగలిగిన దాన్నే ఎంచుకున్నాను. కార్డు కోడు ఎక్కడ ఆగి చిప్పు కోడు ఎక్కడ మొదలవుతుందో డిప్లొమా చదివినవాడికి ఒక రాత్రిలో తెలిసేలా రాసి పెట్టడం చిన్న విషయం కాదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర వైఫైకి, చుట్టుపక్కల మనుషులు లేకపోవడానికి.

ఎవరికి పనికొస్తుంది? కాంటాలు, జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లుల్లో పాత సీరియల్ యంత్రాలు పెట్టుకుని, పీసీ పోయిన ప్రతిసారీ మొత్తం సిస్టమ్ కొనమంటే కొంటున్నవాళ్లకు. కొనేముందు డ్రైవర్ సోర్సు అడగండి. అందులో ఐఆర్‌క్యూ నంబరు, కార్డు రిజిస్టర్ అడ్రసు, చిప్పు రిజిస్టర్లు ఒకే ఫంక్షన్‌లో కనిపిస్తే ఆ బోర్డు ఉన్నన్నాళ్లే ఆ డ్రైవర్ అని లెక్క వేసుకోండి. కార్డు కొనేటప్పుడు దాని మీదున్న క్రిస్టల్ అంకె ఫోటో తీసి పెట్టుకోండి.

ఓనరు మొన్న ఇంకో పని చెప్పారు. జమ్మికుంటలో వాళ్ల బావమరిది కాంటాకు ఎనిమిది పోర్టుల కార్డు ఉందట, అక్కడా బోర్డు పోయేలా ఉందట. వెళ్లి కార్డు నంబర్లు రాసుకొచ్చాను. పట్టికలో అది కూడా లేదు. ఎనిమిది లైన్లు రాయాలి, ఈసారి క్రిస్టల్ ముందే చూశాను, 1.8432 అనే ఉంది.